రైలింజన్‌లా పరిగెత్తాడు.. ఒంట్లో సైన్యం సంగతేంటి?

ఎనిమిది రోజులు, మూడు స్వర్ణాలు. 10,000 మీటర్లు, 5,000 మీటర్లు, మారథాన్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచిన ఎమిల్ జాటోపెక్ రికార్డును ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. పొద్దున పదులసార్లు 400 మీటర్లు కొట్టి, సాయంత్రం మళ్లీ అదే పని చేసిన మనిషి ఇతను. శరీరాన్ని అంతగా వాడేస్తే లోపలున్న రోగనిరోధక కణాలు ఏమవుతాయి? బలపడతాయా, చతికిలపడతాయా? కానిస్టేబుల్ ఈవెంట్స్‌కో, అగ్నివీర్ ర్యాలీకో, మొదటి మారథాన్‌కో సిద్ధమవుతున్న వాళ్లకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. జాటోపెక్ జీవితాన్ని చూస్తూనే జవాబు వెతుకుదాం.

తప్పించుకోబోయి దొరికిపోయాడు

1922 సెప్టెంబరు 19న అప్పటి చెకొస్లొవేకియాలోని కొప్రివ్నిత్సె అనే చిన్న ఊళ్లో పుట్టాడు జాటోపెక్. నాన్న వడ్రంగి. ఇంటి నిండా పిల్లలు, చేతిలో డబ్బు తక్కువ. 16 ఏళ్లకే జ్లిన్ పట్టణంలోని బాటా ఫ్యాక్టరీలో చేరాడు. అవును, మనం చిన్నప్పుడు స్కూలు బూట్లు కొనుక్కున్న ఆ బాటానే. పగలు పని, సాయంత్రం చదువు.

1941లో దేశం నాజీల చేతుల్లో ఉన్న రోజులు. ఫ్యాక్టరీ కుర్రాళ్లకు 1,400 మీటర్ల పరుగు పందెం పెట్టారు. జాటోపెక్‌కు అస్సలు ఇష్టం లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకోబోయాడు. డాక్టరు దగ్గరికి పంపితే, ఆయన పరీక్ష చేసి ఈ కుర్రాడు నిక్షేపంలా ఉన్నాడని తేల్చేశాడు. ఇక తప్పలేదు. 100 మంది పరిగెత్తిన ఆ పందెంలో రెండో స్థానంలో వచ్చాడు. పరుగంటే అయిష్టం ఉన్నవాడికి గెలవాలన్న కోరిక అక్కడే మొదలైంది. మూడేళ్లు తిరిగేసరికి, 1944లో, 2,000, 3,000, 5,000 మీటర్ల చెక్ జాతీయ రికార్డులు అతని పేరు మీదికి వచ్చేశాయి. యుద్ధం అయ్యాక సైన్యంలో చేరాడు.

నెమ్మదిగా పరిగెత్తడం వచ్చు కదా!

అప్పట్లో లాంగ్ డిస్టెన్స్ రన్నర్లలో చాలామంది ఎక్కువ దూరాలు ఒకే వేగంతో పరిగెత్తేవాళ్లు. జాటోపెక్ లాజిక్ వేరు. నెమ్మదిగా పరిగెత్తడం తనకు ముందే వచ్చు, నేర్చుకోవాల్సింది వేగం అనుకున్నాడు. అందుకే దూరాన్ని ముక్కలు చేశాడు. 200 మీటర్లు అయిదుసార్లు, 400 మీటర్లు ఇరవైసార్లు, మళ్లీ 200 మీటర్లు అయిదుసార్లు. ప్రతి పరుగుకూ మధ్య 200 మీటర్ల మెల్లని జాగింగ్. జాగింగ్ కాకుండానే ఒక్క సెషన్‌లో 10 కిలోమీటర్ల పని! ఇంటర్వల్ ట్రెయినింగ్‌ను కనిపెట్టింది అతను కాదు, జర్మనీలో అంతకు ముందే ఉంది. కానీ ఆ పద్ధతిని ఇంత పరిమాణంలో చేసి, ప్రపంచం చేత ఒప్పించింది మాత్రం అతనే.

సైనిక బూట్లు వేసుకుని మంచులో పరిగెత్తేవాడు. బట్టలు ఉతకాల్సి వస్తే టబ్బులో వేసి, వాటి మీద నిలబడి జాగింగ్ చేసేవాడు. 1954 నాటికి కొన్నాళ్ల పాటు పొద్దున 50, సాయంత్రం 50 చొప్పున 400 మీటర్లు కొట్టాడు. లెక్క వేయండి.. రోజుకు 40 కిలోమీటర్లు, మధ్యలో జాగింగ్ అదనం. అన్నీ పూర్తి వేగంతో కాదు గానీ, ఆ పరిమాణం మాత్రం మామూలుది కాదు.

పరిగెత్తుతుంటే అతని ముఖం చూడలేకపోయేవాళ్లట. నాలుక బయటికి, తల ఓ పక్కకి, రొప్పుతున్న చప్పుడు. అందుకే 'చెక్ రైలింజన్' అని పేరు పడిపోయింది.

ఒక్క 400 మీటర్లలో లోపల జరిగేది..

ఇప్పుడు కాసేపు ట్రాక్ వదిలేసి రక్తంలోకి వెళ్దాం. మన తెల్లరక్త కణాలన్నీ ఎప్పుడూ రక్తంలో తిరుగుతూ ఉండవు. చాలావరకు ప్లీహంలో, ఊపిరితిత్తుల్లో, లింఫ్ గ్రంథుల్లో, ఎముక మజ్జలో ఉంటాయి. కొన్ని రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉంటాయి. మీరు గట్టిగా పరుగు అందుకోగానే రెండు పనులు జరుగుతాయి. రక్త ప్రవాహం వేగం పెరుగుతుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది. ఈ రెండూ కలిసి గోడలకున్న కణాలను ఊడదీసి ప్రవాహంలోకి తోసేస్తాయి.

అన్నిటికంటే ముందు పరుగు అందుకునేవి 'నేచురల్ కిల్లర్' కణాలు. వైరస్ సోకిన కణాలను, క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపడం వీటి ఉద్యోగం. అడ్రినలిన్‌ను పట్టుకునే గ్రాహకాలు వీటి మీద ఎక్కువ. అందుకే గట్టి వ్యాయామంలో నిమిషాల్లోనే రక్తంలో వీటి సంఖ్య మామూలుకు కొన్ని రెట్లు అయిపోతుంది. వీటి వెనకే కిల్లర్ టి కణాలు. పరుగు చాలాసేపు సాగితే కార్టిసాల్ హార్మోన్ పెరిగి, మజ్జలోంచి న్యూట్రోఫిల్స్ కూడా రోడ్డెక్కుతాయి. ఇవి గంటల తరబడి ఎక్కువగానే ఉంటాయి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. బోస్టన్ మారథాన్ పరిగెత్తిన వాళ్ల రక్తాన్ని పరీక్షించి, ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పటిలా తెల్లకణాలు పెరిగాయని రాల్ఫ్ లారబీ అనే వైద్యుడు 1902లోనే రాశాడు. అప్పటికి జాటోపెక్ పుట్టనేలేదు.

అసలు గొడవ పరుగు ఆపాక మొదలవుతుంది. గంటా రెండు గంటల్లో రక్తంలోని లింఫోసైట్లు పడిపోతాయి. పరుగుకు ముందున్న దానికంటే కూడా కిందికి! కొన్ని గంటల తర్వాత, మహా అయితే ఒక రోజులో, మళ్లీ మామూలుకు వస్తాయి. ఈ పతనం చూసే 1990లలో 'ఓపెన్ విండో' అనే సిద్ధాంతం వచ్చింది. అంటే గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలు శరీరానికి కిటికీ తెరిచి పెట్టినట్టే, క్రిములు సులువుగా దూరిపోతాయి అని.

దీనికి బలం ఇచ్చే లెక్కలూ ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 56 కిలోమీటర్ల టూ ఓషన్స్ పరుగులో పాల్గొన్నవాళ్లలో 33 శాతం మందికి తర్వాతి రెండు వారాల్లో జలుబు, గొంతునొప్పి లాంటి లక్షణాలు వచ్చాయి. పరిగెత్తని వాళ్లలో అది 15 శాతమే. 1987 లాస్ ఏంజెలెస్ మారథాన్ తర్వాత వారంలో పాల్గొన్నవాళ్లలో 12.9 శాతం మంది జబ్బుపడ్డామన్నారు. అంతే శిక్షణ పొంది కూడా పోటీలో పరిగెత్తని వాళ్లలో 2.2 శాతమే.

కౌంట్ తగ్గితే కణాలు చచ్చినట్టేనా?

ఒక సర్వర్‌కు వచ్చే ట్రాఫిక్ ఉన్నట్టుండి పడిపోయిందనుకోండి. సిస్టమ్ డౌన్ అయిందని కంగారుపడాలా? ముందు లోడ్ వేరే సర్వర్లకు మళ్లిందేమో చూస్తాం. ఇక్కడా అంతే. రక్త పరీక్ష అనేది ఒక్క గేటు దగ్గర పెట్టిన కెమెరా. శరీరంలోని లింఫోసైట్లలో రక్తంలో కనిపించేవి చాలా కొద్ది శాతమే. మిగతావి ఆ కెమెరాకు అందవు.

కణాలకు గుర్తులు తగిలించి ఎలుకల్లో వెతికితే, వ్యాయామం తర్వాత టి కణాలు ఊపిరితిత్తులు, పేగులు, ఎముక మజ్జ వైపు వెళ్లినట్టు తేలింది. అంటే బయటి నుంచి క్రిములు వచ్చే దారుల్లో గస్తీకి! అందుకే 2018లో బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓపెన్ విండో సిద్ధాంతాన్ని గట్టిగానే ప్రశ్నించారు. రక్తంలో తగ్గడం అంటే బలహీనపడటం కాదు, తావు మారడం అన్నది వాళ్ల వాదన.

మరి ఆ జలుబుల లెక్కలు? ఆ అధ్యయనాల్లో రన్నర్లు తమకు ఏమైందో తామే చెప్పారు. ల్యాబ్‌లో వైరస్‌ను నిర్ధారించలేదు. క్రీడాకారులపై 2007లో వచ్చిన ఓ పరిశోధనలో ఇలాంటి లక్షణాలు వచ్చిన 37 సందర్భాల్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే, క్రిమి దొరికింది 11 సార్లే. మిగిలిన వాటికి చల్లగాలి, దుమ్ము, అలర్జీ, గంటల తరబడి నోటితో గాలి పీల్చడం కారణాలు కావొచ్చు. నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చిన వాళ్లకూ వేలమంది గుంపు, ప్రయాణం, ముందురోజు నిద్రలేమి తోడై ఉండొచ్చు. ఈ విషయంలో శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. అయితే ఒక్క గట్టి సెషన్‌తో ఇమ్యూనిటీ కుప్పకూలిపోతుందనే భయం మాత్రం అతి అని చెప్పొచ్చు.

హెల్సింకిలో ఆ ఎనిమిది రోజులు

మళ్లీ జాటోపెక్ దగ్గరికి వద్దాం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల స్వర్ణం, 5,000లో సెకనులో అయిదో వంతు తేడాతో రజతం సాధించాడు. అదే ఏడాది జావెలిన్ క్రీడాకారిణి డానాను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే రోజు పుట్టినవాళ్లు! 1950లో బ్రస్సెల్స్ యూరోపియన్ పోటీలకు కొద్ది రోజుల ముందు ఫుడ్ పాయిజనింగ్‌తో ఆస్పత్రి పాలయ్యాడు. లేచి వెళ్లి 5,000, 10,000 రెండూ గెలిచేశాడు. 1951లో ఒక్క గంటలో 20 కిలోమీటర్లు దాటి పరిగెత్తిన మొదటి మనిషి అయ్యాడు.

హెల్సింకి ముందు మాత్రం పరిస్థితి బాగాలేదు. ఒలింపిక్స్ ఏడాది వసంతంలో జబ్బుపడ్డాడు. వేగం తగ్గింది, అలవాటు లేని ఓటములు ఎదురయ్యాయి. పైగా బయల్దేరే ముందు ఇంకో చిక్కు. సహచరుడు స్టానిస్లావ్ యుంగ్‌విర్త్ తండ్రి రాజకీయ ఖైదీ కావడంతో ప్రభుత్వం అతన్ని జట్టు నుంచి తప్పించింది. అతను లేకుండా తానూ రానని జాటోపెక్ విమానం ఎక్కలేదు. కమ్యూనిస్టు పాలనలో, సైనికాధికారిగా ఉంటూ అలా మొండికేయడం అంటే కెరీర్‌నే పణంగా పెట్టడం. చివరికి ప్రభుత్వమే దిగొచ్చింది. ఇద్దరూ వెళ్లారు.

జులై 20న 10,000 మీటర్ల స్వర్ణం. 24న 5,000 స్వర్ణం. అదే రోజు డానాకు జావెలిన్‌లో స్వర్ణం. 27న మారథాన్. జీవితంలో అంతకుముందు ఒక్క మారథాన్ కూడా పరిగెత్తనివాడు 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లలో ముగించి ఒలింపిక్ రికార్డు పెట్టాడు. దారిలో, అప్పటి అత్యుత్తమ టైమింగ్ ఉన్న బ్రిటన్ రన్నర్ జిమ్ పీటర్స్ దగ్గరికి వెళ్లి ఈ వేగం సరిపోతుందా అని అడిగాడని, నెమ్మదిగా ఉందని పీటర్స్ బింకంగా చెబితే నిజమనుకుని వేగం పెంచేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పీటర్స్ మధ్యలోనే ఆగిపోయాడు. 5,000 హీట్‌తో కలిపి జాటోపెక్ ఆ ఎనిమిది రోజుల్లో పరిగెత్తింది 62 కిలోమీటర్లకు పైనే.

ఇది చదివి జబ్బులోంచి లేచి పరిగెత్తేస్తే పతకం వస్తుందని అనుకోవద్దు. అతను గెలిచాడు కాబట్టి మనకు ఈ కథ తెలుసు. జ్వరంతో పరిగెత్తి నష్టపోయిన వాళ్ల కథలు పేపర్లో రావు. జ్వరం ఉన్నప్పుడు, వైరస్ ఒంట్లో తిరుగుతున్నప్పుడు గట్టి వ్యాయామం చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ముప్పు ఉంది. 1970లో జరిగిన ఓ ప్రయోగంలో కాక్సాకీ వైరస్ ఎక్కించిన ఎలుకల చేత ఈత కొట్టిస్తే, వాటి గుండెలో వైరస్ విపరీతంగా పెరిగింది.

ఏళ్ల తరబడి చేస్తే?

ఒక్క సెషన్ సంగతి సరే. నెలలు, ఏళ్లు శిక్షణ సాగితే కణాలు ఏమవుతాయి? విశ్రాంతిగా ఉన్నప్పుడు పరీక్షిస్తే, బాగా శిక్షణ పొందిన క్రీడాకారుల తెల్లకణాల సంఖ్య మామూలు మనుషుల్లాగే ఉంటుంది. పెద్ద తేడా సంఖ్యలో కాదు, కణాల వయసులో కనిపిస్తుంది.

ఛాతీ ఎముక వెనక థైమస్ అని ఓ గ్రంథి ఉంటుంది. కొత్త టి కణాలకు అదే ట్రెయినింగ్ సెంటర్. వయసు పెరిగే కొద్దీ అది కుంచించుకుపోతుంది. కొత్త బ్యాచ్‌లు తగ్గి, అలసిపోయిన పాత కణాలు పేరుకుంటాయి. 2018లో బర్మింగ్‌హామ్, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు జీవితమంతా సైకిల్ తొక్కుతున్న 125 మందిని పరీక్షించారు. వాళ్ల వయసు 55 నుంచి 79. అయినా వాళ్లలో థైమస్ నుంచి కొత్త టి కణాల రాక కుర్రాళ్ల స్థాయిలో ఉంది! వ్యాయామం లేని అదే వయసు వాళ్లలో అలా లేదు. అంటే ఏళ్ల సాధన రోగనిరోధక వ్యవస్థను అరగదీయలేదు, దానికి ముసలితనాన్ని దూరం పెట్టింది.

నాణేనికి రెండో వైపూ ఉంది. ఆస్ట్రేలియా ఎలైట్ స్విమ్మర్లను సీజన్ పొడవునా గమనిస్తే, నెలల తరబడి భారీ శిక్షణ సాగే కొద్దీ లాలాజలంలో ఐజీఏ అనే యాంటీబాడీ తగ్గుతూ వచ్చింది. గొంతు, ముక్కు దగ్గర కాపలా కాసేది ఇదే. ఇది తక్కువగా ఉన్నవాళ్లకు గొంతునొప్పులూ ఎక్కువ వచ్చాయి. శిక్షణ పెంచుతూ తిండి, నిద్ర తగ్గిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది. 2015లో ఓ పరిశోధనలో 164 మంది ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. రాత్రి ఏడు గంటలకు మించి నిద్రపోయిన వాళ్లతో పోలిస్తే, ఆరు గంటలకంటే తక్కువ పడుకున్న వాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లు పైనే ఉంది.

ఇప్పుడు జాటోపెక్ వర్కవుట్‌ను మరోసారి చూడండి. అందరి కళ్లూ 400 మీటర్ల మీదే ఉంటాయి. కానీ ఆ మధ్యలో ఉన్న 200 మీటర్ల జాగింగ్ లేకపోతే ఇరవై కాదు, అయిదు కూడా పూర్తికావు. ఒక్క సెషన్‌కు మధ్యలో తేలిక జాగింగ్ ఎంత అవసరమో, వారానికి విశ్రాంతి రోజు, సీజన్‌కు తేలిక వారాలు అంతే అవసరం. కణాలు మళ్లీ సర్దుకునేది ఆ ఖాళీలోనే.

శరీరం బిల్లు ఇచ్చిన రోజు

1954 మే 30న పారిస్‌లో 5,000 మీటర్ల ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు జాటోపెక్. రెండ్రోజులు తిరక్కుండానే, జూన్ 1న బ్రస్సెల్స్‌లో 10,000 మీటర్లను 29 నిమిషాల్లోపు పరిగెత్తిన తొలి మనిషిగా నిలిచాడు. కానీ ఎంత రైలింజన్‌కైనా హద్దు ఉంటుంది. కొత్త రకం కసరత్తుగా డానాను భుజాల మీద ఎక్కించుకుని శిక్షణ చేసి 1956లో హెర్నియా తెచ్చుకున్నాడు. ఆపరేషన్ అయింది. విశ్రాంతి తీసుకోవాల్సిన సమయంలోనే మళ్లీ పరుగు మొదలుపెట్టి, కొన్ని వారాల్లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మారథాన్‌లో దిగాడు. ఆరో స్థానం వచ్చింది. ఆ తర్వాత పోటీలకు గుడ్‌బై చెప్పేశాడు.

తర్వాతి జీవితం ట్రాక్ కంటే కఠినం. 1968లో ప్రజాస్వామ్య సంస్కరణలు కోరుతూ వచ్చిన 'రెండు వేల పదాలు' ప్రకటన మీద సంతకం చేశాడు. సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చినప్పుడు బహిరంగంగా వ్యతిరేకించాడు. ఫలితం.. సైన్యం నుంచి, పార్టీ నుంచి గెంటేశారు. ప్రపంచ విజేత ఏళ్ల తరబడి ఇంటికి దూరంగా భూగర్భ తవ్వకాల బృందాల్లో కూలి పని చేశాడు. 1990లో, కమ్యూనిస్టు పాలన పోయాకే పోయిన గౌరవం అధికారికంగా తిరిగొచ్చింది.

అంతకు ముందు, 1966లో, ప్రాగ్ వచ్చిన ఆస్ట్రేలియా రన్నర్ రాన్ క్లార్క్‌కు వీడ్కోలు పలుకుతూ చేతిలో ఓ చిన్న పొట్లం పెట్టాడు. ఎన్నో ప్రపంచ రికార్డులు పెట్టినా క్లార్క్‌కు ఒలింపిక్ స్వర్ణం దక్కలేదు. విమానంలో విప్పి చూస్తే లోపల జాటోపెక్ హెల్సింకిలో గెలిచిన 10,000 మీటర్ల పతకం ఉంది. 2000 నవంబరులో 78 ఏళ్ల వయసులో జాటోపెక్ ప్రాగ్‌లో కన్నుమూశాడు.

మీ ప్లాన్‌లో ఇవి ఉన్నాయా?

నోటిఫికేషన్ పడగానే మన దగ్గర చాలామంది సున్నా నుంచి ఒక్కసారిగా 1600 మీటర్ల టైమింగ్ వెంట పడతారు. పొద్దున నాలుగున్నరకు గ్రౌండ్, పగలంతా కోచింగ్, అర్ధరాత్రి దాకా చదువు. పరుగు కంటే ఈ టైమ్‌టేబులే ఎక్కువ ప్రమాదం. అందుకే..

* జాటోపెక్ పరిమాణం కాదు, పద్ధతి తీసుకోండి. 400 మీటర్లు నాలుగైదుసార్లతో మొదలుపెట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. మధ్యలో జాగింగ్ మానొద్దు.

* వారానికి రెండు, మహా అయితే మూడు గట్టి సెషన్లు చాలు. వాటి మధ్య తేలిక రోజు ఉండాలి. ఒక రోజు పూర్తి విశ్రాంతి.

* ముక్కు కారడం, తుమ్ములు మాత్రమే ఉంటే తేలిగ్గా కదలొచ్చు. జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గుతో ఛాతీ పట్టేయడం ఉంటే పరుగు బంద్. తగ్గాక కూడా తేలిక నడకతోనే మొదలు. ఛాతీ నొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

* నిద్ర ఏడు గంటలకు తగ్గనివ్వొద్దు. పొద్దున్నే గ్రౌండ్ ఉంటే రాత్రి చదువు ముందే ముగించండి.

* బరువు తగ్గాలని కడుపు మాడ్చుకుని పరిగెత్తొద్దు. గట్టి సెషన్ ఉన్న రోజు అన్నం, పప్పు, గుడ్డు లాంటివి తప్పకుండా ఉండాలి.

* ఈవెంట్‌కు వారం పది రోజుల ముందు శిక్షణ తగ్గించండి. ర్యాలీకి వెళ్లేటప్పుడు గుంపులో మాస్కు పెట్టుకోండి, సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒకే సీసాలోంచి నలుగురూ నీళ్లు తాగొద్దు.

టైమింగ్ రాసుకునే నోట్‌బుక్‌లోనే ఇంకో రెండు గడులు గీయండి. ఒకటి నిద్ర గంటలు, రెండోది పొద్దున లేవగానే నాడి. నాలుగైదు రోజులు వరసగా నాడి ఎక్కువ, నిద్ర తక్కువ కనిపిస్తే ఆ రోజు 400 మీటర్లు వాయిదా వేసేయండి.